ముందు పైసలు ఎవరిస్తే పంట వాళ్లదే

మా నాయిన టమాట గంపలు ఏస్కొని తెల్లారక ముందే పట్నం మార్కెట్‌కు చేరేటోడు. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు సంక్రాంతి సెలవుల్ల ఒకసారి ఆయనెంట వచ్చిన. వేలం పాట అయిపోయినంక అడ్తిదారు ఒక చిట్టీ రాసి చేతుల పెట్టిండు. దాంట్ల కమీషన్ ఒక గీత, హమాలీ ఒక గీత, బండి కిరాయి ఒక గీత. ఆఖరుకు ఇంకో గీత ఉండె: ‘పాత బాకీ’. నారు పోసేటప్పుడు, మందు కొట్టేటప్పుడు మా నాయిన ఆయన దగ్గరనే పైసలు తీస్కున్నడు. గందుకే టమాట ఆయన దగ్గరికే తేవాలె, ఆడ పలికిన ధరకే ఇయ్యాలె. వాపస్ వచ్చేటప్పుడు బస్సుల మా నాయిన ఒక్కటే మాట అన్నడు: “ముందు పైసలిచ్చినోనిదే పంట బిడ్డా. మనం కావలి కాసినం అంతే.”

ముప్పయి ఏండ్లు దాటినా ఆ మాట నాకు యాదికున్నది. ఇయ్యాల ఆ మాటనే తిరగేసి చెప్పేటందుకు ఇది రాస్తున్న. ముందు పైసలిచ్చేది అడ్తిదారు కాకుండ, ఆ టమాట తినే ఇల్లే అయితే ఏమైతది?

అసలు ఏంది ఇది?

ఇది సర్కార్ స్కీము కాదు, ఫోన్ల యాప్ కాదు. కాలం మొదలయ్యే ముందు కొన్ని ఇండ్లు కలిసి ఒక రైతుతోని మాట్లాడుకుంటయ్. ఒక్కో ఇల్లు ఇంత అని ముందే కడతది. రైతు ఆ పైసలతోని విత్తనం కొంటడు, పందిరేస్తడు, కైకిలి ఇస్తడు. పంట చేతికొచ్చినంక వారానికోసారి ఆ వారం చేన్ల ఏది తెగితే దాంట్ల వాటా సంచుల కట్టి ఇంటికి పంపుతడు. బాగ పండితే సంచి నిండ వస్తది. వాన ముంచితే సగమే వస్తది. లాభంల, నష్టంల రెండు దిక్కుల వాటా ఉంటది. దీన్ని కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్ అంటరు, పొట్టిగ సీఎస్ఏ. నేనైతే ‘వాటా కూరగాయలు’ అంట.

యాప్‌ల కూరగాయలు తెప్పించుకునుడుకు, దీనికి తేడా ఆడనే ఉన్నది. యాప్‌ల నువ్వు కొనేది కిలో బెండకాయ. బెండకాయ లేకపోతే వాడు ఇంకో రాష్ట్రం నుంచన్న తెచ్చి ఇస్తడు. ఇక్కడ నువ్వు కొనేది పంటల వాటా. ఆ చేన్ల బెండ పండకపోతే ఆ వారం నీ ఇంట్ల సుత బెండ ఉండది.

వాటా అనే ముచ్చట మన ఊర్లకు కొత్తది కాదు. కమ్మరి, వడ్ల, కుమ్మరి, చాకలి, మంగలి ఏడాదంత పనిచేస్తే కల్లం కాడ మేర కొలిచేటోళ్లు. కాని దాన్ని తీపి ముచ్చట చేసి చెప్పుడు నాకు ఇష్టం లేదు. అది కులం లెక్కన కట్టిన వాటా. ఇచ్చేటోడు ఎంత కొలిస్తే అంతే. ‘ఈ లెక్క నాకొద్దు’ అనే హక్కు తీస్కునేటోనికి లేకుండె. వాటా కూరగాయల్ల రెండు దిక్కులోళ్లు ఒక్కకాడ కూసొని, మాట్లాడుకొని, ఇష్టమైతేనే ఒప్పుకుంటరు. అట్ల కూసోని కాడ పేరు ఏది పెట్టినా అది మళ్ల పాత కథనే.

ఎవరు మొదలువెట్టిండ్రు?

జపాన్‌ల మందులు కొట్టిన తిండితోని బేజారైన పట్నం తల్లులు, ఊర్ల రైతులు నేరుగ ఒప్పందం చేస్కున్నరు. దాన్ని ‘తేయికేయి’ అంటరు. 1971ల ఆడ సేంద్రియ వ్యవసాయ సంఘం పుట్టినంక అది దేశమంత పాకింది.

అమెరికాల అలబామా రాష్ట్రం టస్కిగీ యూనివర్సిటీల బుకర్ టి. వాట్లీ అనే నల్లజాతి ప్రొఫెసర్ ఉండె. బ్యాంకులు అప్పియ్యక, పెద్ద మార్కెట్లు దగ్గరికి రానియ్యక నల్లజాతి చిన్న రైతులు భూములు పోగొట్టుకుంటున్న కాలం అది. ‘మీ పంటకు మీరే సభ్యులను చేర్చుకోండ్రి, ముందే చందా తీస్కోండ్రి’ అని ఆయన ఊరూరికి చెప్పిండు. 1986ల మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాలల్ల రెండు చేన్లు ఇదే పద్ధతి మొదలువెట్టినయ్. 2001ల ఫ్రాన్సుల సుత ‘అమాప్’ పేరుతోని షురువైంది. అంటే ఇది ఉన్నోళ్ల షోకు కింద పుట్టింది కాదు. మార్కెట్ బయటికి నెట్టిన రైతులు, తిండి మీద భయపడ్డ తల్లులు కలిసి ఏస్కున్న తొవ్వ.

రూపాయిల రైతుకెంత?

2024 అక్టోబర్‌ల రిజర్వ్ బ్యాంక్ ఒక పరిశోధన పత్రం బయటపెట్టింది. మనం టమాటకు రూపాయి ఇస్తే రైతుకు చేరేది సుమారు 33 పైసలు, ఉల్లిగడ్డకు 36, ఆలుగడ్డకు 37 అని తేల్చింది. మిగిలిన మూడింట్ల రెండొంతులు నడుమ పోతున్నయ్. నడుమ ఉన్నోళ్లందరు దొంగలని నేననను. హమాలీ బరువు మోస్తడు, ఆటో ఆయన డీజిల్ పోస్తడు, తోపుడు బండి అక్క ఎండల నిలవడ్తది, కుళ్లింది పారేస్కుంటది. వాళ్ల కష్టం నిజం. నేను అడిగేది ఒక్కటే: పంట పోతే నష్టం మొత్తం రైతు మీదనే ఎందుకు పడాలె?

టమాటనే చూడుండ్రి. ఎండ ముదిరితే టమాట పూత రాలిపోతది, కాయ నిలవది. గందుకే ఎండాకాలం పోయినంక మన దిక్కు టమాట ఉండది. మదనపల్లె, కోలార్ దిక్కుకెల్లి రావాలె. ఆడ సుత తక్కువైతే ధర ఆకాశానికి ఎక్కుతది. 2023 జులైల కిలో వంద దాటింది యాదికున్నది గదా. అది చూసి అందరు టమాటే పెట్టిండ్రు. సెప్టెంబర్ వచ్చేసరికి ధర పడిపోయింది. వంద పలికినప్పుడు మన చేన్ల కాయ లేదు, కాయ వచ్చినప్పుడు ధర లేదు. నాటేటప్పుడే ధర ఒప్పుకున్న రైతుకు ఈ జూదం సగం తప్పుతది.

రైతుబజార్ ఉండంగ ఇదెందుకు?

మంచి ప్రశ్న. 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనయ్. సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లు లేకపోతే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ జనం కూరగాయలు ఇంకెంత పిరంగ కొంటుండిరో. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం, కందుకూరు రైతుకు సుత అది పెద్ద ఆసరా. నేను ఇప్పటికీ పోత.

కాని రైతుబజార్ పంట తెగినంక పనికొస్తది. నాటే ముందు పైసల ముచ్చట అది తీర్చది. రైతు పొద్దంత గద్దె మీద కూసోవాలె, చేన్ల పని ఆగుతది. వాన వచ్చి జనం రాకపోతే కొత్మీర వాడిపోతది. వాటా కూరగాయల్ల తెంపక ముందే అది ఎవరింటికి పోతదో తెలుసు. రైతుబజార్‌కు ఇది పోటీ కాదు, తోడు.

లెక్క ఇట్ల ఉంటది

30 ఇండ్లు అనుకుందాం. వారానికి 5 కిలోల సంచి, దానికి 300 రూపాయలు, 20 వారాలు. ఒక్కో ఇంటికి 6,000. మొత్తం 1,80,000. సగం ముందే కడితే రైతు చేతిల 90,000 పడ్తయ్. ఊర్ల అదే 90,000 నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే ఐదు నెలలకు మిత్తే 13,500 అయితది. ఆ మిత్తి మిగిలిందే రైతుకు మొదటి లాభం. పండియ్యాల్సింది వారానికి 150 కిలోలు, కాలమంత కలిపి 3 టన్నులు.

చేరే ఇంటికి సుత ఒక నిజం చెప్పాలె. కిలో 60 పడ్డది. చలికాలంల వంకాయ, టమాట బాగ వచ్చినప్పుడు రైతుబజార్ల ఇంతకన్న సస్తగ దొరుకుతది. జూన్, జులైల మార్కెట్ మండేటప్పుడు మన సంచి సస్త అనిపిస్తది. మొత్తం మీద సస్తగ తినుడు కోసమే చేరుతె మోసపోయిన అనిపిస్తది. ఇది చెప్పకుండ చేర్పిస్తే అది మోసమే.

కాలం చెప్పినట్టు తినుడు

పట్నంల ఉన్నోళ్లకు ఇది అన్నిటికన్న కష్టం. వానాకాలం వస్తే బెండ, బీర, కాకర, ఆనిగెపుకాయ, గోకరకాయ, పుంటికూర. పొలం గట్ల మీద ఎవ్వరు ఏయకున్నా గంగవాయిలి కూర మొలుస్తది. చలి పడితే టమాట, వంకాయ, చిక్కుడు, ముల్లంగి, క్యాబేజి, పాలకూర, మెంతికూర. ఎండాకాలం దోసకాయ, ఆనిగెపుకాయ, గోకరకాయ, తోటకూర, బచ్చలి. ఆకుకూర ఎండకు మాడుతది కాబట్టి సంచి చిన్నగైతది.

రైతుకు సుత ఇది కొత్త లెక్క. మార్కెట్‌కైతే ఎకరం మొత్తం ఒక్కటే పంట ఏస్తం, ఒక్కసారి తెంపి లోడు ఎత్తుతం. ఇక్కడ వారం వారం ఐదారు రకాలు తెగాలె. పాలకూర నెల దాటంగనే కోతకొస్తది. బెండ నెలన్నరకు, బీర రెండు నెలలకు కొంచెం ముందు. టమాట నారు నాటినంక రెండు నెలలు పైనే పడ్తది. గందుకే ఆకుకూర ఒక్కటేసారి చల్లొద్దు, పది పదిహేను దినాలకు ఒక మడి చల్లాలె. గోడకు క్యాలెండర్ లేకుంటే ఈ ఎవుసం నడవది.

మేం ఎట్ల మునిగినం

2020 లాక్‌డౌన్ సడలించినంక చైతన్యపురి, కర్మన్‌ఘాట్ దిక్కు ఉన్న మావోళ్లం 36 ఇండ్లు కలిసినం. పండించేది మా చిన్నాయిన కొడుకు, ఇంకో ఇల్లు. నేను ఇంటింటికి తిరిగి చెప్పిన. ‘మందుల్లేని కూరగాయలు, దళారీ లేడు, సస్త’ అన్న. పంట పోతే ఏందనేది చెప్పలే. చెప్తే చేరరని భయం.

మొదటి రెండు నెలలు పండుగ లెక్క నడిచింది. అక్టోబర్ 13 రాత్రి పడ్డ వాన ఎల్బీనగర్, సరూర్‌నగర్ కాలనీలను ముంచింది. ఆ వానకే మా చేను సుత మునిగింది. టమాట నారు కుళ్లింది, బెండ పడిపోయింది. మూడు వారాలు సంచుల ఆనిగెపుకాయ, పుంటికూర తప్ప ఏం లేదు. “ఆరు వేలు కట్టి ఆనిగెపుకాయ తినాల్నా అన్నా?” అని వాట్సాప్‌ల మొదలైంది.

నాలుగో వారం సంచుల టమాట వచ్చింది. నిగనిగలాడే టమాట. అందరు ఖుష్ అయిండ్రు. ఒక అక్కకు మాత్రం అనుమానం వచ్చింది. కాయలన్ని ఒక్కటే సైజు, పైగ సంచి అడుగున మార్కెట్ డబ్బా కాగితం ముక్క. నేను ఊరికి పోయి అడిగిన. తమ్ముడు తల దించుకున్నడు. మా మరదలు ముందుకొచ్చి చెప్పింది: “బావా, మేమే మార్కెట్‌ల కొని పెట్టినం. సంచి ఖాళీగ పంపితే మీరందరు పోతరని భయమైంది. మీ పైసలు ఎప్పుడో చేన్ల పోసినం, వాపస్ ఏడికెల్లి తేవాలె?”

నాకు కోపం రావాలె. రాలే. నేను పట్నంల చెప్పని మాటనే వాళ్లు చేన్ల దాచిండ్రు. ఇద్దరిదీ ఒక్కటే భయం. 14 ఇండ్లు పోయినయ్. మిగిలిన 22 ఇండ్లను ఒక ఆదివారం చేనుకాడికి తీస్కపోయినం. కుళ్లిన నారు చూసినంక ఎవ్వరు గట్టిగ మాట్లాడలే. ఆ దినమే చెట్టు కింద కూసొని రెండు సూత్రాలు రాస్కున్నం. సంచి సగమే అయితే సగమే పంపాలె, ఎందుకో చిట్టీ రాసి పెట్టాలె. బయటికెల్లి కొన్నది ఏదన్న ఉంటే దాని మీద పేరు రాయాలె.

చేరేముందు ఏమేం అడగాలె?

ఒకటి, చేను ఎవరిది, దున్నేదెవరు? కౌలు రైతు అయితే పైసలు భూమి ఉన్నాయనకు కాదు, దున్నేటోనికి చేరాలె. ఒక్కసారన్న పోయి చూడాలె. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం బస్సెక్కితే పొద్దుగాల పోయి మాపటికి రావచ్చు.

రెండు, నీళ్లు ఏడికెల్లి? నాగోల్ దాటినంక మూసీ ఎంబడి మురికి నీళ్ల కింద ఆకుకూర పండుతున్న సంగతి మనకు తెల్వంది కాదు. అది ఆ రైతు తప్పు కాదు, మురికి వదిలింది మన పట్నమే. కాని అడుగుడు మన హక్కు.

మూడు, మందు సంగతి. ‘ఆర్గానిక్’ అని బోర్డు రాసుడు తేలిక. పీజీఎస్ అనే పద్ధతిల రైతులే గుంపుగ ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేస్కొని సర్టిఫికెట్ పొందుతరు, చిన్న రైతుకు అది అందుబాటుల ఉంటది. సర్టిఫికెట్ లేకుంటె దొంగ అని కాదు. ఏం కొట్టిండ్రు, ఎప్పుడు కొట్టిండ్రు అని నోటుబుక్కుల రాసి చూపిస్తే అది సుత నమ్మకమే. ‘ఒక్కసారి మందు కొట్టాల్సి వచ్చింది’ అని చెప్పే రైతే నాకు ఎక్కువ నమ్మకం.

నాలుగు, పంట పోతే ఏంది? ఎన్ని వారాలు తక్కువైతే వచ్చే కాలంల సరిచేస్తరు? నడుమల మానేస్తె ఎంత వాపస్? కాగితం మీద ఉండాలె.

ఐదు, కలుపు తీసే ఆడోళ్లకు కైకిలి ఎంత ఇస్తున్నరు? మందుల్లేని ఎవుసంల కలుపు పని ఎక్కువ, ఆ నడుము నొప్పి వాళ్లదే. మన ప్లేటుల విషం లేదని సంబరపడి, ఆ అక్క కూలి మరిచిపోతే మనం అడ్తిదారు కన్న ఏం గొప్ప?

ఇంకో ముచ్చట. ఒక్కసారి మూడు వేలు కట్టుడు అపార్ట్‌మెంటోళ్లకు తేలిక. ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంటికి? దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌ల కోచింగ్ తీస్కుంటున్న తమ్మికి? మా దాంట్ల ఇప్పుడు వారం వారం కట్టే ఇండ్లు ఐదున్నయ్, ఆ భారం ముందే కట్టినోళ్లు మోస్తున్నరు. మూడు రూముల పిల్లగాండ్లు కలిసి ఒక సంచి తీస్కుంటున్నరు. పేదోళ్లకు చోటు లేని వాటా మళ్ల ఒక షోకు దుకాణమే.

ఊర్ల ఉన్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు

ఇది చదివేటోళ్లల్ల చానమందికి ఊర్ల ఎకరమో రెండెకరాలో ఉన్నది. దాని పక్కపొంటి వెంచర్ జెండాలు పాతిండ్రు. యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాలల్ల ఫార్మా సిటీ పేరు మీద వేల ఎకరాలు పోయినయ్. కొత్తపేట పండ్ల మార్కెట్ సుత బాటసింగారం పోయింది. పట్నం ఎటు కదిలితే అటు చేను ఎనక్కి జరుగుతున్నది. ‘ఎవుసంల ఏమున్నది, అమ్మేద్దాం’ అని ఇంట్ల మాట నడుస్తున్నదని నాకు తెలుసు. వారానికి 30 సంచులు ఆ ధరతోని కొట్లాడలేవు. అట్ల చెప్తే అబద్ధమైతది. కాని అమ్మాల్నా వద్దా అనే మాటకు ముందు, ఆ భూమి నెల నెల ఎంత ఇయ్యగలదో ఒక్కసారన్న లెక్క కట్టి చూడుండ్రి.

మీ చేతిల రెండు దిక్కుల తాళంచెవి ఉన్నది. ఊర్ల నాయిన చేను, పట్నంల మీ అక్క బావల కాలనీ. 30 ఇండ్లు వద్దు, పదితోని మొదలువెట్టుండ్రి. ఎకరం మొత్తం వద్దు, అర్ధెకరం చాలు, మిగిలింది నాయిన ఎట్ల చేస్తడో అట్లనే చెయ్యనియ్యుండ్రి. సంచి ఏ దినం, ఏడ దిగుతదో ఖాయం చెయ్యుండ్రి. ఖర్చు, కోత, కైకిలి నోటుబుక్కుల రాసి ఇండ్లోళ్లకు చూపించుండ్రి. ఒక్కరితోని కాకపోతే నలుగురు రైతులు కలవండ్రి: ఒకరు ఆకుకూర, ఒకరు పందిరి కాయలు. హైదరాబాద్‌ల సుస్థిర వ్యవసాయ కేంద్రం రైతు సంఘాలతోని కలిసి ‘సహజ ఆహారం’ పేరు మీద పంట నేరుగ అమ్మిపిస్తున్నది. జనగామ జిల్లా ఏనెబావిల ఊరు ఊరే మందులు మానేసింది. పోయి చూసి రాండ్రి, అడిగితే చెప్తరు.

మిరుగం కార్తెకు రెండు నెలల ముందు పది ఇండ్లతోని మాట్లాడుండ్రి. మొదటి మాట ‘సస్త’ అని చెప్పకుండ్రి. ‘పంట పోతే ఏం చేద్దాం?’ అనేదే మొదటి మాట కావాలె. దానికి జవాబు దొరికిన కాడ మిగిలినవన్ని దొరుకుతయ్.

మా నాయిన ఇప్పుడు లేడు. పోయిన శనివారం మా సంచిల తమ్ముడు రాసిన చిట్టీ వచ్చింది: “బీర తక్కువ, పురుగు పడ్డది. పుంటికూర ఎక్కువ పెట్టిన.” ఆ చిట్టీ కింద బాకీ గీత లేదు.